బడికి వచ్చే సైకాలజిస్టుతో మూడేళ్లు: ఒక తల్లి మాట

మేముండేది ఇంగ్లండ్‌లో. ఇయర్ వన్‌లో, అంటే ఐదారేళ్ల పిల్లల తరగతిలో, మా అబ్బాయికి ఫోనిక్స్ పరీక్ష పెట్టారు. 40 మాటలు, అందులో సగం అర్థం లేని ఉత్తుత్తి మాటలు. పిల్లలు శబ్దాలు కూడబలుక్కుని చదవగలరా అని చూస్తారు. వాడికి రాలేదు. ఇయర్ టూలో మళ్లీ పెట్టారు, మళ్లీ రాలేదు. అప్పుడు సెన్కో, అంటే బడిలో ఇలాంటి పిల్లల సంగతి చూసే టీచరు, "ఎడ్యుకేషనల్ సైకాలజిస్టుకి చూపిద్దాం, మీ సంతకం కావాలి" అన్నారు.

"పిల్లాడికి పిచ్చి డాక్టరెందుకమ్మా?" అని మా అత్తయ్య ఫోన్లో ఏడ్చేశారు. సంతకం పెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలే నాకు ఇప్పటికీ బాధ. ఆ సైకాలజిస్టు మందులు రాసే డాక్టరు కాదు. పిల్లవాడు ఎలా నేర్చుకుంటున్నాడో, ఎక్కడ ఆగిపోతున్నాడో చూస్తారు. బడి పిలిపిస్తే మనం రూపాయి కట్టక్కర్లేదు.

ఆవిడ ముందు క్లాసులో వెనకాల కూర్చుని గంటసేపు చూశారు. తర్వాత ఆటస్థలంలో చూశారు. ఆ తర్వాతే వాడితో మాట్లాడారు. నచ్చిన బడి ఒకటి, నచ్చని బడి ఒకటి బొమ్మ గీయమన్నారట. నచ్చని బడిలో బోర్డు నిండా రాతలే గీశాడు.

నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించనిది: "తెలుగులో కథ చెబుతాడా?" ఏడు చేపల కథ చెబుతాడు. చేప ఎందుకు ఎండలేదో మొదలుపెట్టి చీమ దాకా ఒక్క మెట్టు తప్పకుండా వాళ్ల నానమ్మకి వీడియో కాల్లో అప్పజెబుతాడు. అది వినగానే సైకాలజిస్టు ముఖం వెలిగిపోయింది. వాడికి భాషలో లోటు లేదు, ఒకదానికొకటి ముడిపడిన సంగతి బాగా నిలుస్తుంది, గబగబా ఒకసారి చెప్పిన నాలుగు పనులే జారిపోతున్నాయి అన్నారు. ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు ఆపేయమని ఎవరో చెబితే నేను అప్పటికే ఆపబోతున్నాను. ఆపొద్దని గట్టిగా చెప్పారు.

"చెప్పిన మాట వినడు" అని వాణ్ని ఎన్నిసార్లు తిట్టానో! మొదటి పని చేసి అలా నిలబడిపోయేవాడు. మిగతావి గుర్తులేక.

ఆ తర్వాత మారింది వాడి కంటే మేమే. టీచరు ఒకసారికి ఒక్క పనే చెప్పడం మొదలుపెట్టారు. టీచింగ్ అసిస్టెంటు రోజూ ఐదు నిమిషాలు కొన్ని మాటలే చదివించి, ఎన్ని వచ్చాయో చార్టులో గీసేది. ఇంట్లో నేనూ వాడూ గొంతు కలిపి చదివేవాళ్లం. బల్ల మీద వేలితో తడితే నేను ఆగాలి, వాడొక్కడే సాగాలి. ఆ తట్టు కోసం నేనెంత ఎదురుచూసేదాన్నో. రెండో వారంలో వినిపించింది.

లోపాలు కూడా చెప్పాలి. సైకాలజిస్టు ఏడాదికి రెండు మూడుసార్లే వస్తారు. ఆ అసిస్టెంటు ఉద్యోగం మానేయగానే మా బడిలో ఒక టర్మంతా ఆ ఐదు నిమిషాలు ఆగిపోయాయి, నేనడిగేదాకా ఎవరూ చెప్పలేదు. ఇయర్ ఫోర్‌లో ఈహెచ్‌సీ ప్లాన్‌కి, అంటే పిల్లవాడికి ఏ సాయం అందాలో కౌన్సిల్ రాసిచ్చే చట్టబద్ధమైన పత్రానికి, అర్జీ పెట్టాం. చట్టం ప్రకారం 20 వారాల్లో తేలాలి, మాకు 11 నెలలు పట్టింది. కారణం అడిగితే సైకాలజిస్టులు చాలడం లేదన్నారు. అర్జీ బడే పెట్టాలని లేదు, తల్లిదండ్రులు కూడా పెట్టవచ్చు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకి సలహా ఇచ్చే సెండియాస్ వాళ్లు ఉచితంగా సాయం చేస్తారు. ముసాయిదా ప్లాన్ చేతికొస్తే చదివి చెప్పడానికి కనీసం 15 రోజులిస్తారు. మా ముసాయిదాలో "తగిన సహాయం అందుబాటులో ఉంటుంది" అని ఉంది. రోజుకి ఎన్ని నిమిషాలు, ఎవరు చేస్తారు అని రాయించుకున్నాం. మీరూ రాయించుకోండి, లేకపోతే రేపు అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు వాడు ఇయర్ సిక్స్, ప్రైమరీ బడిలో ఆఖరి ఏడాది. చదవడం ఇంకా నెమ్మదే, కానీ చదువుతాడు. ప్లాన్ ఉన్న పిల్లలకి సెకండరీ బడి పేరు ఫిబ్రవరి 15 లోపు ఖాయం చేయాలి, అందుకే మొన్న మీటింగు జరిగింది. వాడూ వచ్చి కూర్చున్నాడు. కొత్త బడికి ఏం చెప్పమంటావని ఆవిడ అడిగితే, "హోంవర్కు నోటితో చెప్పొద్దు, రాసి ఇవ్వమనండి" అన్నాడు. ఆవిడ అలాగే రాసుకున్నారు.