ముందు పళ్ళకు బాండింగ్: ఏళ్ళు గడిచాక

పై వరసలో నా ముందు పళ్ళ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉండేది. దానికి తోడు ఇంటర్లో క్రికెట్ బంతి తగిలి ఒక పన్ను మూల విరిగింది. సందు పళ్ళవాళ్ళు అదృష్టవంతులని మా నాయనమ్మ అనేది గానీ, పెళ్ళిచూపుల ఫొటోల్లో ఆ అదృష్టమేమీ కనిపించలేదు. 2018లో హైదరాబాద్‌లో కాంపోజిట్ బాండింగ్ చేయించుకున్నాను, అంటే పన్ను రంగు రెసిన్ ముద్దను (కాంపోజిట్) పంటికి అతికించి ఆకారం ఇవ్వడం.

వెనీర్లయితే, అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి పింగాణీ రేకులయితే, మంచి పన్నునే పైపైన అర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. పోయిన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్ళీ రాదు. బాండింగ్‌లో ఆ బాధ దాదాపు లేదు, నాకు మత్తు ఇంజక్షన్ కూడా ఇవ్వలేదు. కుర్చీలో కూర్చోగానే డాక్టరు గారు నా పళ్ళకు సరిపోయే రంగు (షేడ్) చూశారు. నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి తెల్లగా కనిపిస్తాయి, అప్పుడు చూస్తే రంగు తప్పుతుంది. యాసిడ్ జెల్ పూసి కడిగి, అతుక్కోవడానికి బాండ్ రాసి, కాంపోజిట్‌ని పొరలు పొరలుగా పెడుతూ నీలం లైటుతో గట్టిపరిచారు. సందును రెండు పళ్ళకీ సమంగా పంచారు, లేకపోతే ఒకటి పలకలా వెడల్పయ్యేది. చివర్లో రంగు కాగితం కొరికించి, ఎత్తుగా తగిలినచోట అరగదీశారు. ఒక్క సిట్టింగులో అయిపోయింది. కొన్నాళ్ళు నాలుక ఊరికే అక్కడికే పోయేది.

సందు పూడ్చిన భాగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. విరిగిన మూలకి పెట్టింది మాత్రం రెండేళ్ళకే ఊడింది, అదీ మెత్తటి చపాతీ తింటుంటే! కొరికేటప్పుడు బలమంతా ఆ అంచు మీదే పడుతుంది మరి. ఊడినంత మేరే మళ్ళీ పెట్టారు. పింగాణీ వెనీరు పగిలితే చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే, అందుకే నాకిది నచ్చింది. అప్పట్నించి జామకాయ కోసుకునే తింటున్నా, దారం పళ్ళతో తెంపడం మానేశా.

అసలు చిరాకు రంగుతోనే. నాకు టీ లేనిదే పొద్దు గడవదు. అతుకు దగ్గర సన్నటి గోధుమరంగు గీత వస్తుంది, పాలిష్ చేయిస్తే చాలావరకు పోతుంది, మళ్ళీ వస్తుంది. బ్లీచింగ్‌కి సొంత పన్ను తెల్లబడుతుంది గానీ కాంపోజిట్ తెల్లబడదు. తెల్లదనం కావాలనుకుంటే బ్లీచింగ్ ముందు చేయించి, రంగు కుదురుకోవడానికి కొద్ది వారాలు ఆగి, తర్వాతే బాండింగ్‌కి వెళ్ళాలి. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకోవడం, అదే ఫ్లాస్, తప్పదు. నాలుగు రోజులు బద్ధకిస్తే ఆ రెండు పళ్ళ మధ్య చిగురు ఉబ్బి రక్తం కారుతుంది. రాత్రిళ్ళు పళ్ళు నూరే అలవాటుంటే నైట్ గార్డ్ (నిద్రలో పళ్ళకు పెట్టుకునే తొడుగు) సంగతి ముందే మాట్లాడుకోండి. సందు మరీ పెద్దదైతే బ్రేసులతో దగ్గరకు తెచ్చుకున్నాకే దీని గురించి ఆలోచించండి.