రాస్ప్‌బెర్రీ షేక్ ఆర్ఎస్1డి: యంత్రం మంచిదే, ముందు చోటు చూసుకోండి

ఇంట్లో పెట్టుకునే సీస్మోమీటర్లలో, అంటే నేల కదలికను నమోదు చేసే యంత్రాల్లో, రాస్ప్‌బెర్రీ షేక్ ఆర్ఎస్1డి నిస్సందేహంగా కొనదగినది. అయితే డబ్బు కట్టే ముందు దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతారో తేల్చుకోండి. రికార్డులో భూకంపం కనబడుతుందా, మీ ఇంటి రొదే కనబడుతుందా అన్నది ఆ చోటును బట్టే ఉంటుంది.

మాది ఖమ్మం. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. గోదావరి లోయ పక్కన ఉంటూ కాళ్ల కింది నేల ఏం చేస్తోందో చూడాలన్న కోరికతోనే దీన్ని తెప్పించుకున్నాను. పనామా నుంచి వస్తుంది కాబట్టి ధరకు తోడు కస్టమ్స్ సుంకాన్నీ లెక్కలో వేసుకోండి.

పెట్టెలో ఉన్నవి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని మీద ఒక బోర్డు, నేల కదలికను పసిగట్టే 4.5 హెర్ట్జ్ జియోఫోన్ ఒకటి. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. నేల పైకీ కిందికీ కదిలే వేగాన్ని సెకనుకు 100 సార్లు నమోదు చేస్తుంది. మూడు మరల కాళ్లు తిప్పి, నీటి బుడగ మధ్యకు వచ్చేలా సమం చేస్తే అమరిక పూర్తయినట్లే. జియోఫోన్ ఎంత సున్నితమంటే పక్క గదిలో మనిషి నడిస్తే అడుగడుగూ విడిగా లెక్కపెట్టవచ్చు. మెచ్చుకోవలసిన గుణం అదే, తలనొప్పీ అదే.

రొదను తగ్గించాలంటే ముందు అది ఎవరిదో పట్టుకోవాలి. అందుకు స్పెక్ట్రోగ్రామ్ చాలు, అంటే ఏ క్షణంలో ఎన్ని హెర్ట్జ్‌ల కంపనం ఎంత బలంగా ఉందో చూపే చిత్రం. మా వీధి పిండిమర మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 24. మర ఆన్ చేయగానే తెర మీద సరిగ్గా 24 హెర్ట్జ్ దగ్గర అడ్డంగా ఒక గీత పడుతుంది, ఆపగానే పోతుంది. వాషింగ్ మెషీన్ బట్టలు పిండేటప్పుడు గీత ఏటవాలుగా పైకెక్కి, పూర్తి వేగం అందుకున్నాక అక్కడే నిలబడుతుంది. సీలింగ్ ఫ్యానుది 5, 6 హెర్ట్జ్‌ల దగ్గర. రెగ్యులేటర్ ఒక అంకె తగ్గిస్తే గీత కూడా దిగుతుంది కాబట్టి అనుమానానికి తావుండదు. అన్నిటికంటే మంచి పరీక్ష కరెంటు పోవడం. యంత్రాన్ని, రౌటర్‌ను బ్యాటరీ మీద నడిపిస్తూ ఉంటే, వీధిలో కరెంటు పోయిన క్షణంలో గీతలన్నీ మాయమవుతాయి. మిగిలేది రోడ్డు మీద లారీలు, గాలి, నేల. ఆ కొద్ది నిమిషాల రికార్డు చూస్తే మీ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో అర్థమవుతుంది.

రొదను కంప్యూటర్‌లో వడకట్టే ఫిల్టర్ ఉంది కదా, చోటుతో పనేమిటి అనేవారికి నా జవాబు: అది దూరపు భూకంపాలకు. 2025 జూలై 30 తెల్లవారుజామున 4:54కు కమ్చాట్కాలో 8.8 తీవ్రత భూకంపం వచ్చింది. సుమారు పదకొండు నిమిషాలకు దాని పి తరంగం, అంటే అన్నిటికంటే ముందు వచ్చే తరంగం, ఇక్కడికి చేరింది. అంత దూరం ప్రయాణించిన తరంగంలో వేగంగా ఊగే భాగం దారిలోనే అరిగిపోయి, ఒక హెర్ట్జ్ చుట్టుపక్కలది మిగులుతుంది. అందుకే స్వార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్నే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెడితే ఇంటి రొదంతా పక్కకు తప్పుకుని తరంగం శుభ్రంగా బయటపడింది. స్వార్మ్ అమెరికా భూగర్భ సర్వే వారిది, ఉచితం. ఫిల్టర్ పట్టీని, అంటే ఆ రెండు హద్దుల మధ్య దూరాన్ని, మరీ ఇరుకు చేయకండి. అప్పుడు తలుపు చప్పుడు కూడా ఊగి ఊగి తరంగంలాగే కనబడుతుంది.

దగ్గర్లో వచ్చే చిన్న ప్రకంపనల సంగతి వేరు. వాటి బలమంతా 2 నుంచి 15 హెర్ట్జ్ మధ్యే. లారీలు, ఫ్యాన్లు, అడుగులు కూడా అక్కడే. రెండూ ఒకే చోట కలిసిపోయాక ఫిల్టర్ ఏమీ చేయలేదు. గోదావరి లోయవాళ్లకు కావలసినవి ఆ చిన్నవే కాబట్టి చోటు గురించి ఇంత పట్టుబడుతున్నాను. మాది కింది అంతస్తులో, రోడ్డుకు అవతలి వైపున్న సామాన్ల గది. మెట్ల కింద ఖాళీగా ఉంటుంది కదా అనిపిస్తుంది కానీ, ఎక్కిదిగే ప్రతి అడుగూ అక్కడికే వస్తుంది. కొబ్బరిచెట్టు పక్క గోడ కూడా వద్దు, గాలికి చెట్టు ఊగితే వేళ్లతో నేల కదులుతుంది. నాణెంతో టైల్‌ను తట్టి చూడండి. డొల్లగా మోగిందంటే కింద సిమెంటు పట్టలేదు, అక్కడ పెట్టకూడదు. యంత్రం కింద చాప, రబ్బరు వేయవద్దు. పైన థర్మోకోల్ పెట్టె బోర్లిస్తే గాలి తగలదు, కానీ అది యంత్రానికి ఆనకూడదు.

సత్తుపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో, గ్రానైట్ క్వారీల్లో పేల్చే మందు కూడా నేలను కదిలిస్తుంది. వాటిని తుడిచేయాలని నేను ప్రయత్నించను. పగటి పూటే వస్తాయి, ఆకారం ఒకేలా ఉంటుంది, భూకంపాన్ని గుర్తుపట్టడానికి కంటికి అంతకంటే మంచి అభ్యాసం లేదు.

పరిమితులు ఉన్నాయి. ఒకే దిశను కొలుస్తుంది కాబట్టి అడ్డంగా ఊపే ఎస్ తరంగాలు బలహీనంగా పడతాయి. సమయం ఇంటర్నెట్ నుంచి తీసుకుంటుంది, నెట్ ఎక్కువసేపు లేకపోతే గడియారం జారుతుంది. జీపీఎస్ తగిలించుకోవచ్చు. రౌటర్‌కు ఈథర్నెట్ తీగ వేయడం మేలు.

మూడు జియోఫోన్ల ఆర్ఎస్3డి మీద మోజుంటే, రొద తక్కువ ఉన్న ఇల్లయితేనే ఆ అదనపు ఖర్చు పెట్టండి. నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉండేవారు ఏ రకమూ అక్కడ పెట్టకండి. ఊళ్లో అమ్మానాన్నల ఇల్లుంటే, నెట్ కనెక్షన్ పెట్టించి అక్కడ దించండి. రికార్డు ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు.