కారు హెడ్‌లైట్లలో హాలోజన్ తీసి ఇంట్లోనే ప్రొజెక్టర్లు బిగించుకున్న, చాన్నాళ్ళు వాడినంక నా మాట

ముందే చెప్పేస్తా, నాకు మస్తు నచ్చినయి, రేపు ఇంకో బండి కొని దాంట్లో కూడా హాలోజన్ రిఫ్లెక్టరే (బల్బు వెనక అద్దంలాంటి గిన్నె ఉండే పాత రకం) వస్తే మళ్ళీ ఇదే పని చేస్తా. కాకపోతే అందరూ అడిగేది ఎన్ని వాట్లు, ఎన్ని ల్యూమెన్లు అని. అసలు సంగతి అది కాదు. వెలుతురు ఎక్కడ పడాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నదే ముఖ్యం, ప్రొజెక్టర్‌కి, అంటే ముందు గుండ్రటి లెన్సు ఉండే హెడ్‌లైట్‌కి, మనం పోసే డబ్బులన్నీ ఆ ఆగే గీత కోసమే.

నాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, హెచ్4 బల్బు, అంటే దూరం కొట్టే హైబీమ్, కిందికి కొట్టే లోబీమ్ రెండూ ఒకే బల్బులో, హైబీమ్‌కి 60, లోబీమ్‌కి 55 వాట్లు. ఉండేది వనస్థలిపురం వైపు, సిటీలో తిరిగినన్ని రోజులు ఆ లైట్లతో ఏ ఇబ్బందీ లేదు, స్ట్రీట్ లైట్లు ఉంటయి కదా. కానీ అత్తగారి ఊరు సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం దాటి మాల్ అనే ఊరి వైపు పోయేకొద్దీ చీకటి, ఎడమ పక్కన ఎర్ర స్టిక్కర్ కూడా లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీలు, కోతలప్పుడు రోడ్డు మీద సగం వరకు ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు, ఎదురుగా లారీ హైబీమ్‌లో వస్తుంటే ఆ రాళ్ళు దగ్గరికి పోయేదాకా కనబడవు. పక్క సీట్లో భార్య, ఎనక పిల్లలు ఉంటే ఆ కొద్దిసేపు ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని నడిపినట్టే ఉండేది.

ఎల్ఈడీ బల్బు కొని హెచ్4 ప్లేసులో గుచ్చేస్తే అయిపోతది కదా అంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. హెచ్4 బల్బులో లోబీమ్ ఫిలమెంట్ కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటది, రిఫ్లెక్టర్ మీది ఒక్కో ముక్కా ఆ ఫిలమెంట్ కచ్చితంగా అక్కడే ఉంటదని లెక్కేసి చేసింది. ఎల్ఈడీ చిప్పులు ఆ స్థానంలో, ఆ సన్నదనంతో రావు, దాంతో వెలుతురు చెల్లాచెదురైపోయి మనకి ముందు పది అడుగులు తెల్లగా కనిపిస్తది గానీ దూరం ఏమీ పెరగదు, ఎదురొచ్చే బైకువాడికి మాత్రం కళ్ళు పోతయి. మన రోడ్ల మీద రాత్రి సగం బాధ ఇదే.

కొనే దగ్గర ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మనం రోడ్డుకి ఎడమ వైపు నడుపుతం, కాబట్టి లోబీమ్ కటాఫ్ గీత, అంటే వెలుతురు ఆగే గీత, కుడి వైపు కిందికి ఉండి ఎడమ వైపు మెట్టులాగా పైకి లేవాలి. కుడివైపు కిందికి ఎందుకంటే ఎదురొచ్చేవాళ్ళు అటు ఉంటరు, ఎడమవైపు పైకి ఎందుకంటే నడిచిపోయేవాళ్ళు, సైకిళ్ళు, ఆగిన ట్రాలీలు అటే ఉంటయి. చైనా, అమెరికాల్లో పాత కార్ల నుంచి ఊడదీసి వచ్చే వాటిలో, అక్కడ కుడి వైపు నడుపుతరు కాబట్టి, ఈ మెట్టు కుడి వైపు ఉంటది, అది బిగిస్తే ఆ లేచిన ముక్క సరిగ్గా ఎదుటి డ్రైవర్ మొహం మీదకి పోతది. తలకిందులుగా బిగిస్తే సరిపోతది అని ఎవరన్నా అంటే నమ్మకండి, అట్ల చేస్తే వెలుతురు మొత్తం గీత పైకి పోయి చెట్ల మీద పడతది. నేను రాణీగంజ్‌లో తీసుకున్న, షాపాయన "అన్నా, అన్నీ ఒకటే, నడుస్తయి" అన్నడు. "భాయ్, జర బ్యాటరీ పెట్టి షాపు షట్టర్ మీద వేసి చూపించు, మెట్టు ఎడమకి లేస్తేనే తీసుకుంటా" అన్న. మూడు పెట్టెలు విప్పినంక ఒకటి దొరికింది. విసుక్కున్నా సరే వెలిగించి చూడకుండా మాత్రం డబ్బులు ఇవ్వకండి.

నేను తీసుకుంది 3 అంగుళాల బై-ఎల్ఈడీ, అంటే లోబీమ్ హైబీమ్ రెండూ దాంట్లోనే. లోపల చిన్న రేకు అడ్డం ఉంటది, హైబీమ్ వేస్తే సోలనాయిడ్ అనే చిన్న కరెంటు అయస్కాంతం దాన్ని కిందికి లాగుతది, టక్‌మని చప్పుడు వస్తది. ఇంకా ముఖ్యంగా, బండితో వచ్చిన హెడ్‌లైట్లని ముట్టుకోలేదు, ఇంకో జత ఖాళీ హెడ్‌లైట్లు కొని వాటి మీదే పని చేసిన, ఒరిజినల్ జత గుడ్డలో చుట్టి అటక మీద ఉంది.

హెడ్‌లైట్ విప్పేది ఓపిక పని. అద్దం లాగా ఉండే పాలికార్బొనేట్‌నీ వెనక డబ్బానీ బ్యూటైల్ అనే నల్లటి జిగురుతో అతికిస్తరు, వేడి తగిలితే అది మెత్తబడి తీగలు సాగుతది. హీట్ గన్ తక్కువ మీద పెట్టి, ఒక్క చోట ఆపకుండా అంచు చుట్టూ తిప్పుకుంటూ పోవాలి, ఆగితే ప్లాస్టిక్ వంగిపోతది. కొన్ని హెడ్‌లైట్లకి గట్టి జిగురు ఉంటది, అది వేడికి లొంగదు, కోయాల్సిందే, కొనేముందే అడిగి తెలుసుకోండి. లోపలి క్రోమ్ పూతని గుడ్డతో తుడవొద్దు, గీతలు పడితే ఇక పోవు, గాలి కొట్టి వదిలేయాలి.

ప్రొజెక్టర్ వెనక మరచుట్టు ఉన్న గొట్టం ఉంటది, బల్బు రంధ్రంలోంచి దాన్ని తోసి వెనక నుంచి నట్టు బిగిస్తే అయిపోయింది అనిపిస్తది. అవ్వలేదు, ఇక్కడే అసలు పని. హెడ్‌లైట్ వెనక ఉండే స్క్రూలు పైకీ కిందికీ, పక్కలకే తిప్పుతయి, గీత వంకరగా ఉంటే అవి ఏమీ చెయ్యలేవు. అందుకే అద్దం అతికించకముందే టేపుతో ఊరికే పట్టించి, సెల్లార్‌లో గోడకి 7.5 మీటర్ల దూరంలో బండి పెట్టి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి చూడాలి. మా బామ్మర్ది సీట్లో కూర్చుంటే నేను వెనక నట్టు వదులు చేసుకుంటూ, తిప్పుకుంటూ, మళ్ళీ బిగించుకుంటూ రెండు గీతలూ సమంగా వచ్చేదాకా వదల్లేదు. ల్యాంప్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద అంతే ఎత్తులో టేపు వేసి, గీత దానికి 7.5 సెంటీమీటర్లు కిందికి పడేలా పెట్టిన, అంటే ఒక శాతం వాలు. నా బండి ల్యాంప్ ఎత్తు సుమారు 65 సెంటీమీటర్లు, ఆ లెక్కన గీత 65 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతది. ఇంకా దూరం కావాలని పైకి లేపితే ఎదుటివాళ్ళ కళ్ళని తీసుకొని మన దూరం పెంచుకున్నట్టే, అది నాకు ఇష్టం లేదు.

వైరింగ్‌కి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్), ఫ్యూజు ఉన్న హార్నెస్, అంటే రెడీమేడ్ వైర్ల కట్ట, వేసి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకున్న, పాత స్విచ్ మీద భారం పడదు. ఒక చిక్కుంది, కొన్ని కార్లలో హెచ్4కి స్విచ్ నెగటివ్ వైపు ఉంటది, మామూలు హార్నెస్ పెడితే హైబీమ్ పని చెయ్యదు, ముందు మల్టీమీటర్ పెట్టి చూస్కోండి. రిలేలు, వైర్ల మీద తొడిగి వేడిచేస్తే బిగుసుకునే ష్రింక్ ట్యూబులు కోఠీలో గుజరాతీ గల్లీలో దొరికినయి.

అతికించేటప్పుడు మళ్ళీ బ్యూటైలే వాడిన. బాత్రూం సిలికాన్ వద్దు, వెనిగర్ వాసన వచ్చే రకం అయితే ఆ ఆవిరికి లోపలి పూత పాడవుతది, పైగా రేపు విప్పాలంటే విప్పలేం. వెనక ఉండే గాలి రంధ్రాలు మూసేయకండి, వానొచ్చినప్పుడు లోపల ఆవిరి పట్టడానికి ఎక్కువగా అదే కారణం.

ఇక వాడినంక. ఎడమ మెట్టు మహిమ సాగర్ రోడ్డు మీదే తెలిసింది, ట్రాలీ వెనక చక్రాలు, వడ్ల చుట్టూ రాళ్ళు ముందే కనబడతయి, బ్రేక్ మీద కాలు తాపీగా పోతది. ఎదురొచ్చే లారీలు లైటు దించమని నాకు డిప్పర్ కొట్టడం దాదాపు లేదు, నాకు అన్నిటికంటే సంతోషం అదే. పక్కలకి వెలుతురు వెడల్పుగా పరుచుకుంటది, మలుపుల్లో తేడా బాగా తెలుస్తది.

బాగాలేనివీ ఉన్నయి. గీత దాటితే చిమ్మచీకటి, హాలోజన్‌లో పైకి కొంచెం చిందిన వెలుతురుకే బోర్డులు చదువుకునేవాళ్ళం, ఇప్పుడు దానికి హైబీమ్ వెయ్యాలి. ఎత్తుపల్లాల రోడ్డు మీద ఆ గీత ఎగిరెగిరి పడుతుంటది, అలవాటయ్యేదాకా కళ్ళకి చిరాకు. వెనక ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే బండి ముక్కు లేస్తది, లెవెలింగ్ నాబ్ తిప్పి దించుకోవాలి, నేను తప్పకుండా దించుతా. వానలో అంత గొప్పగా ఉండదు, తడి రోడ్డు వెలుతురుని ముందుకు కొట్టేస్తది, పైగా ఇది తెల్లకాంతి, 6000 కెల్విన్ దగ్గర, కొంచెం పసుపు వైపు ఉండే 4300 కెల్విన్ దొరికితే అదే తీసుకోండి. ఎల్ఈడీ ముందుకి వేడి పంపదు కాబట్టి అద్దం మీద పట్టిన చెమ్మ హాలోజన్ లాగా త్వరగా ఆరదు. ఎండాకాలంలో ఒక వైపు ప్రొజెక్టర్‌ని చల్లబరిచే ఫ్యాన్ ఆగిపోయింది, వెలుతురు తగ్గుతూ వచ్చింది, లోపల వేడెక్కితే అదే తగ్గించుకుంటది మరి, ఫ్యాన్ మార్చి దుమ్ము దులిపితే మళ్ళీ మామూలైంది. మొదట్లో ఎఫ్ఎం రేడియోలో గరగర వచ్చేది, ఎల్ఈడీకి కరెంటు ఇచ్చే డ్రైవర్ అనే డబ్బా వైర్లకి, గరగరని ఆపే ఫెర్రైట్ ముక్కలు తగిలిస్తే చాలావరకు పోయింది.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్తా. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చడాన్ని కట్టడి చేస్తది, 1989 రూల్స్‌లో రూల్ 106 అయితే 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్ళని మిరుమిట్లు గొలపకూడదంటది. గీత బాగున్నంత మాత్రాన మార్పుకి అనుమతి వచ్చినట్టు కాదు, పోలీసులు ఆపొచ్చు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ప్రశ్న రావొచ్చు, ఇది తెలిసే దిగండి. ఒరిజినల్ జత పాడుచేసుకోవద్దు అనేది అందుకే.

అద్దం పసుపెక్కితే ఎంత ఖరీదు ప్రొజెక్టర్ అయినా గీత మసకబారుతది, 1500, 2000, 3000 నంబర్ల నీటి కాగితంతో (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా రుద్ది పైన యూవీ కోటింగ్ వేస్కోండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు హెడ్‌లైట్ ముట్టుకోవద్దని జాబ్ కార్డు మీద రాయించండి, బంపర్ ఊడదీసి బిగిస్తే మాత్రం ఇంటికొచ్చినంక ఒకసారి గోడ మీద వేసి చూస్కోండి.