గీజర్‌కి యాంగిల్ కాక్ కొనేవాళ్లూ, జాగ్రత్త: పిడి తిరిగితే నీళ్లు ఆగినట్టు కాదు

గీజర్ దగ్గర పెట్టడానికి యాంగిల్ కాక్ (పైపులో నీళ్లు కట్టే చిన్న వాల్వ్) కొనబోతున్నవాళ్లు, వేడి నీళ్ల లైను మీద సొంతంగా పని చేసుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నా ఎడమ మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. ఇంకొకరికి ఇలా కాకూడదనే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట పైపులు మార్పించినప్పుడు గీజర్ ఇన్‌లెట్‌కి, అంటే చన్నీళ్లు లోపలికి వెళ్లే వైపుకి, ఒక యాంగిల్ కాక్ కొన్నాను. "ఫుల్ బ్రాస్" అన్నారు షాపులో. అయస్కాంతం ఆనించి మరీ చూపించారు. అంటుకోలేదు, నమ్మాను. మొన్న గీజర్ అవుట్‌లెట్ (వేడి నీళ్లు బయటికొచ్చే వైపు) కనెక్షన్ పైపు నట్టు దగ్గర చుక్కలు కారుతుంటే పైపు మారుద్దామని దిగాను. స్విచ్ ఆపాను, ఇన్‌లెట్ కాక్ కట్టేశాను. పిడి ఎప్పట్లాగే తిరిగింది. పది నిమిషాలు ఆగి స్పానర్‌తో నట్టు రెండు చుట్లు వదులు చేశానో లేదో, పొగలు కక్కుతూ నీళ్లు చేతి మీదికి చిమ్మాయి. పరుగెత్తి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర మెయిన్ వాల్వ్ కడితే గానీ ధార ఆగలేదు.

తర్వాత ఆ కాక్ విప్పి చూశాను. పిడిని లోపలి అడ్డుతో కలిపే కడ్డీ (స్పిండిల్) లోపల తెగిపోయి ఉంది. పై ముక్క పిడితో పాటు తిరుగుతోంది, నీళ్లకు అడ్డుపడాల్సిన కింది ముక్క మాత్రం తెరిచిన చోటే ఉండిపోయింది. లోపలి మరల మీద గీరితే ఇత్తడి పసుపు కాదు, బూడిద తెలుపు కనిపించింది. ఎక్కువ భాగం జింక్ ఉండే పోత లోహానికి క్రోమ్ పూత పూసి అమ్మారు. తిరిగి తీసుకెళితే "మీరే గట్టిగా తిప్పి విరగ్గొట్టారు" అన్నారు. నా కోపం డబ్బు గురించి కాదు. నీళ్లు ఆపే వస్తువు ఆపకపోతే కాలేది మనిషి చెయ్యి.

ఆ అయస్కాంతం పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అయస్కాంతం ఇత్తడికీ అంటుకోదు, జింక్‌కీ అంటుకోదు. దాంతో తేలేది లోపల ఇనుము లేదని మాత్రమే. కొనేటప్పుడు పూత లేని చోట, అంటే లోపలి మరల దగ్గర, రంగు చూడండి. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకుని బరువు పోల్చండి. ఇత్తడి జింక్ పోత కంటే దాదాపు పావు వంతు ఎక్కువ బరువు తూగుతుంది. బిల్లు మీద ఏ లోహమో రాయించుకోండి. నేను ఆ పని చేయలేదు, అందుకే షాపులో గట్టిగా అడగలేకపోయాను.

ఇక పని సంగతి. కాక్ మోసం చేసినా, నేను ఒక్క నిమిషం కుళాయి తిప్పి చూసి ఉంటే చెయ్యి కాలేది కాదు.

స్విచ్ ఆపితే నీళ్లు చల్లారవు. గీజర్ లోపలి ట్యాంకు చుట్టూ వేడి పోకుండా ఫోమ్ ఉంటుంది కాబట్టి గంటల తరబడి వేడిగానే ఉంటాయి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా సుమారు 5 సెకన్లలో తీవ్రంగా కాల్చేస్తాయి. అందుకని ముందు ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైను ఆపే మీట) దించండి, గీజర్‌కి కరెంటు రావడం లేదని టెస్టర్‌తో చూసుకోండి. ఇన్‌లెట్ తెరిచే ఉంచి వేడి కుళాయి వదిలేయండి. చన్నీళ్లు లోపలికి వస్తూ వేడి నీళ్లను బయటికి నెడతాయి. కుళాయిలో చల్లగా వచ్చేదాకా ఓపిక పట్టండి. అప్పుడు ఇన్‌లెట్ కట్టండి, కుళాయి మాత్రం కట్టొద్దు. ధార సన్నబడి పూర్తిగా ఆగాలి. ఆగలేదంటే స్పానర్ ముట్టుకోకండి, మెయిన్ వాల్వ్ కట్టండి.

ఇన్‌లెట్ కట్టినా ధార ఆగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఎక్కడో ఒక మిక్సర్‌లో (చన్నీళ్లు, వేడినీళ్లు కలిపి ఇచ్చే కుళాయిలో) ఆ రెండు వైపులూ తెరిచి ఉండి, చివర షవర్ దగ్గర మాత్రం కట్టి ఉంటే, చన్నీళ్లు ఆ మిక్సర్ గుండా వేడి లైనులోకి ఎదురొస్తాయి. అప్పుడు కాక్ బాగానే ఉన్నా పాడైందనిపిస్తుంది. ఇంట్లో మిక్సర్లన్నీ ఒకసారి చూసుకోండి.

ధార ఆగింది కదా అని ట్యాంకు ఖాళీ అయిందనుకోవద్దు. వెనక నుంచి నెట్టే నీళ్లు లేక ఆగిందంతే, లోపల నిండుగానే ఉంటాయి. ఇన్‌లెట్ వైపు నట్టు విప్పాల్సి వస్తే గీజర్ సేఫ్టీ వాల్వ్‌కి (లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలే వాల్వ్) పైపు తగిలించి, దాని మీట ఎత్తి, ముందు బకెట్లలోకి దించేయండి.

సోలార్ హీటర్ ఉన్నవాళ్లకు ఆపడానికి స్విచ్చే ఉండదు. ఎండ ఉన్నంతసేపు వేడెక్కుతూనే ఉంటుంది. ఆ లైను మీద పని తెల్లవారుజామున పెట్టుకోండి. గాజు గొట్టాలది అయితే, ఖాళీ చేసిన ట్యాంకులో ఎండ మీద చన్నీళ్లు నింపకండి. కాగిన గొట్టాలు పగిలిపోతాయి.

ఒకవేళ చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి పారే నీళ్ల కింద ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు పెట్టకండి. బొబ్బలొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పనైపోయాక వేడి కుళాయి తెరిచి ఉంచి ఇన్‌లెట్ వదలండి. గాలి తుపుక్కుతుపుక్కుమనడం ఆగి ధార సమంగా వచ్చాకే ఎంసీబీ ఎత్తండి. నీళ్లు నిండకుండా ఎత్తితే ఎలిమెంట్ మాడిపోతుంది.