చవక ప్లాస్మా కట్టర్లలో ఏది మేలు: హెచ్‌ఎఫ్‌దా, బ్లోబ్యాక్‌దా?

"40 ఆంప్‌లది తీసుకోమంటారా, 50ది తీసుకోమంటారా?" సరదాగా ఇనప పని చేసుకునేవాళ్ళు ప్లాస్మా కట్టర్ (విద్యుత్ ఆర్క్‌తో, గాలితో లోహాన్ని కోసే మిషన్) కొనబోతూ అన్నిటికంటే ముందు అడిగేది ఇదే. నిజానికి ఆ రెంటి మధ్య తేడా చాలా చిన్నది. అవే ఆంప్‌లు, అదే సైజు పెట్టె ఉన్న రెండు మిషన్లలో ఒకటి పెయింట్ వేసిన రేకు మీద కూడా ట్రిగ్గర్ నొక్కగానే వెలుగుతుంది, రెండోది తుప్పు గీకి మెరుపు తేలేదాకా వెలగదు. ఆ తేడా వచ్చేది ఆంప్‌ల వల్ల కాదు, టార్చ్‌లో, అంటే చేత్తో పట్టుకుని కోసే భాగంలో, ఆర్క్ పుట్టే పద్ధతి వల్ల. అందుకే ఈ పోలికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు ఆంప్‌ల సంగతి తేల్చేద్దాం. మైల్డ్ స్టీల్‌ను 40 ఆంప్‌లు 10 మి.మీ. దాకా కోస్తాయి, 6 మి.మీ. లోపు అయితే హాయిగా సాగిపోతాయి. గేట్లు, స్టాండ్లు, బ్రాకెట్లు, ట్రాలీలు చేసుకునేవాళ్ళకు ఇంతకు మించి అవసరం పడేది అరుదు. డబ్బా మీద రాసిన మందాన్ని మాత్రం ఆచితూచి చదవండి. శుభ్రంగా కోసే మందం వేరు, ఎలాగోలా తెగగొట్టే మందం వేరు. పేరున్న కంపెనీ హైపర్‌థెర్మ్ వాళ్ళు తమ పవర్‌మ్యాక్స్45 ఎక్స్‌పీ కట్టర్‌కు నిమిషానికి 500 మి.మీ. వేగంతో కోసే మందం 16 మి.మీ. అనీ, తెగగొట్టే మందం 29 మి.మీ. అనీ విడివిడిగా చెబుతారు. చవక మిషన్ల మీద తరచుగా ఆ పెద్ద అంకె ఒక్కటే ఉంటుంది. పైగా ఇవి అంచు నుంచి మొదలుపెట్టినప్పటి లెక్కలు. పలక మధ్యలో బెజ్జం పొడిచి మొదలుపెట్టాలంటే మందం ఇంకా తగ్గించుకోవాలి.

కరెంటు సంగతీ అంతే. ప్లాస్మా ఆర్క్‌కు వెల్డింగ్ ఆర్క్ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. 40 ఆంప్‌ల దగ్గర సుమారు 96 వోల్టులు లెక్కేసుకోవచ్చు. అంటే టార్చ్ దగ్గరే 3.8 కిలోవాట్లు. మిషన్‌లో పోయే నష్టం, చవక ఇన్వర్టర్ల తక్కువ పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ లైన్ నుంచి 25 ఆంప్‌లు దాటి లాగుతుంది. మామూలు 16 ఆంప్‌ల సాకెట్ మీద ఏ మిషన్‌లోనైనా కోత కరెంటును (లైన్ నుంచి లాగేది కాదు, టార్చ్‌కు ఇచ్చేది) 25 ఆంప్‌ల దగ్గర పెట్టి తిప్పడమే క్షేమం. ఆ 25తోనే 3 మి.మీ. రేకు నిక్షేపంగా కోసుకోవచ్చు. కాబట్టి 32 ఆంప్‌ల లైను, దానికి తగ్గ ఎంసీబీ, 4 చ.మి.మీ. కేబుల్ లేనివాళ్ళకు 50 ఆంప్‌ల మిషన్ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు విషయం. చవక మిషన్లలో ఆర్క్ మూడు రకాలుగా మొదలవుతుంది.

మొదటిది పైలట్ (కోతకు ముందు టార్చ్‌లోనే వెలిగే చిన్న ఆర్క్) లేని హెచ్‌ఎఫ్, అంటే హై ఫ్రీక్వెన్సీ. కట్-40, కట్-50 పేర్లతో వచ్చే అతి చవక మిషన్లలో చాలావాటికి పీటీ-31 టార్చ్ ఉంటుంది, అది ఈ రకమే. మిషన్ లోపలి స్పార్క్ గ్యాప్ (రవ్వ దూకే సందు) వేల వోల్టుల హై ఫ్రీక్వెన్సీ నిప్పురవ్వను పుట్టిస్తుంది. అది టార్చ్ మూతి అయిన నాజిల్ నుంచి రేకు మీదికి దూకితేనే కటింగ్ ఆర్క్ దాని వెంట వస్తుంది. దూకాలంటే నాజిల్ రేకుకు తగిలీ తగలనట్టు, ఒకటి రెండు మి.మీ. లోపు ఉండాలి, కింద మెరిసే లోహం ఉండాలి. పెయింట్ గానీ, తుప్పు గానీ, కొత్త పలక మీద ఉండే నల్లటి పెచ్చు గానీ అడ్డుపడితే చిటపటలు వినిపిస్తాయి తప్ప ఆర్క్ రాదు. జాలీ కోస్తుంటే ప్రతి ఖాళీ దగ్గరా ఆరిపోతుంది, ప్రతి కమ్మీ దగ్గరా మళ్ళీ వెలిగించాలి. అలా మాటిమాటికీ ఆనించి వెలిగించడంతో నాజిల్ మూతికి కరిగిన ఇనుము అంటుకుని బెజ్జం గుండ్రదనం పోతుంది. బెజ్జం వంకరపోయాక ఎంత నెమ్మదిగా లాగినా కోత ఒక పక్కకు ఏటవాలుగానే వస్తుంది.

రెండోది పైలట్ ఉన్న హెచ్‌ఎఫ్. ఏజీ-60, ఎస్‌జీ-55 టార్చ్‌లు ఎక్కువగా కనిపించేది ఇక్కడ. హెచ్‌ఎఫ్ రవ్వ ముందు టార్చ్ లోపలే, ఎలక్ట్రోడ్‌కూ (నాజిల్ వెనక ఉండే రాగి ముక్క) నాజిల్‌కూ మధ్య చిన్న ఆర్క్‌ను రాజేస్తుంది. గాలి దాన్ని మూతి బయటికి ఊదుతుంది. ఆ నాలుక రేకును తాకగానే అసలు కరెంటు అందుకుంటుంది. పెయింట్ ఉన్నా, తుప్పు ఉన్నా లెక్కలేదు. కోత నాణ్యతలో దీనికి పెట్టే వంకేమీ లేదు. చిక్కల్లా హెచ్‌ఎఫ్ పుట్టించే విద్యుత్ అలజడితోనే. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా దగ్గర్లో ఉన్న కంప్యూటరు, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కటింగ్ టేబుల్) కంట్రోలర్ స్తంభించడమో, టేబుల్ మోటార్లు స్టెప్పులు తప్పడమో జరుగుతుంది. ఎర్తింగ్, షీల్డ్ కేబుళ్ళతో తగ్గించవచ్చు గానీ పూర్తిగా పోగొట్టడం కష్టం.

మూడోది బ్లోబ్యాక్. ఐపీటీ-40, ఐపీటీ-60 టార్చ్‌లతో వచ్చే మిషన్లు ఈ రకం. ఇందులో స్పార్క్ గ్యాప్ ఉండదు. ట్రిగ్గర్ నొక్కకముందు స్ప్రింగ్ ఒత్తిడికి ఎలక్ట్రోడ్ నాజిల్‌కు ఆనుకుని ఉంటుంది. నొక్కగానే ఆ రెంటి గుండా కొద్దిపాటి కరెంటు పారుతుంది, వెంటనే గాలి ఒత్తిడి ఎలక్ట్రోడ్‌ను వెనక్కి తోస్తుంది. విడిపోయిన ఆ సందులోనే ఆర్క్ పుడుతుంది, అదే గాలి దాన్ని బయటికి తెస్తుంది. హెచ్‌ఎఫ్ లేదు కాబట్టి ఎలక్ట్రానిక్స్‌కు ఆ బెడద లేదు. స్పార్క్ గ్యాప్ శుభ్రం చేసుకునే పనీ లేదు.

నా ఓటు దీనికే. సరదా పనిలో చేతికొచ్చే ఇనుము ఎక్కువగా పాతదే: ఊడదీసిన గేటు, తుప్పు పట్టిన యాంగిల్, రంగు పోని పైపు. గంటసేపు గ్రైండ్ చేసుకుని అప్పుడు కోయాలంటే ప్లాస్మా కొన్న ప్రయోజనమే పోతుంది. పైలట్ ఉండటమే మొదటి షరతు. ఎప్పటికైనా సీఎన్‌సీ టేబుల్ పెట్టుకునే ఆలోచన ఉంటే హెచ్‌ఎఫ్ లేకపోవడం రెండో షరతు. రెండూ తీరేది బ్లోబ్యాక్‌తోనే.

లోటుపాట్లు దీనికీ ఉన్నాయి. కదిలే భాగం ఉంది కాబట్టి రాగి పొడి, మసి చేరితే ఎలక్ట్రోడ్ ఇరుక్కుపోతుంది. గాలి ఒత్తిడి చాలకపోతే ఎలక్ట్రోడ్ వెనక్కి జరగదు, క్లిక్‌మని ఊరుకుంటుంది. మిషన్ చెడిపోయిందనుకుని వెనక్కి పంపే ముందు ఈ రెండూ చూసుకోండి. గాల్లో ఊరికే నొక్కుతూ ఆ నాలుకను చూసి ముచ్చటపడటం కూడా మానాలి. పైలట్ ఆర్క్ వెలిగిన ప్రతి క్షణం నాజిల్, ఎలక్ట్రోడ్ అరుగుతూనే ఉంటాయి.

అమ్మేవాళ్ళ వివరణలో "నాన్ టచ్" అనో "పైలట్ ఆర్క్" అనో ఉంటే పైలట్ ఉన్నట్టు. అంతమాత్రాన హెచ్‌ఎఫ్ లేదని కాదు, అది విడిగా అడిగి తెలుసుకోవాలి. మిషన్ చేతిలో ఉంటే తేలిక దారి ఉంది. ప్లగ్ పూర్తిగా పీకేసి, టార్చ్ కప్పు, నాజిల్ విప్పి, ఎలక్ట్రోడ్‌ను వేలితో నొక్కండి. స్ప్రింగ్ మీద లోపలికి పోయి తిరిగొస్తే బ్లోబ్యాక్. బిగుసుకుని ఉంటే హెచ్‌ఎఫ్. ప్లగ్ పీకమన్నది ఊరికే కాదు. ఈ మిషన్ల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ఆర్క్ లేనప్పుడు టార్చ్ దగ్గర ఉండేది) 200 దాటి 300 దాకా ఉంటుంది, వెల్డింగ్ మిషన్‌కు మూడు నాలుగింతలు. మంచి టార్చ్‌లలో కప్పు విప్పితే కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. చవకవాటిలో ఉంటుందని నమ్మకండి.

విప్పారు కాబట్టి ఎలక్ట్రోడ్ మొనను ఒకసారి దగ్గరగా చూడండి. రాగి మధ్యలో బూడిద రంగు చుక్క కనిపిస్తుంది, అది హాఫ్నియం. ఆర్క్ నిలబడేది ఆ చుక్క మీదే. వాడేకొద్దీ అక్కడ గుంట పడుతుంది. గుంట లోతు సుమారు 1.5 మి.మీ. చేరితే మార్చేయాలి. అక్కడా పొదుపు చేద్దామనుకుంటే హాఫ్నియం అయిపోయి ఆర్క్ రాగిని తింటుంది, ఒక్క కోతలో నాజిల్ పోతుంది, ఒక్కోసారి టార్చ్ తలే పోతుంది. నాజిల్, ఎలక్ట్రోడ్ రెండూ కలిపి మార్చడం మంచిది. 40 ఆంప్‌ల నాజిల్ పెట్టి 50 మీద తిప్పకండి. బెజ్జంలో పట్టనంత ఆర్క్ నాజిల్ గోడకు ఎక్కుతుంది.

విడిభాగాల విషయంలో పీటీ-31కి న్యాయం చేయాలి. దానివి అన్నిటికంటే చవక, ఎక్కడైనా దొరుకుతాయి. ఎప్పుడూ కొత్త రేకు, సన్న రేకు, అంచు నుంచే కోత అనుకునేవాళ్ళకు అది చాలు.

గాలి గురించి చెప్పకపోతే ఈ పోలిక సగమే. బ్లోబ్యాక్‌లో కోత మాత్రమే కాదు, ఆర్క్ పుట్టడం కూడా గాలి చేతిలోనే ఉంది. 40-50 ఆంప్‌ల టార్చ్‌కు 4.5 నుంచి 5 బార్ దగ్గర నిమిషానికి 120 నుంచి 180 లీటర్ల గాలి కావాలి. కంప్రెసర్ మీద రాసిన అంకె తరచుగా పిస్టన్ తోసే ఘనపరిమాణం. బయటికి నిజంగా వచ్చే గాలి, అంటే ఎఫ్ఏడీ, అందులో మూడింట రెండు వంతులకు అటూ ఇటూ ఉంటుంది. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 5 బార్‌కు దిగేలోపు ఇచ్చేది 150 లీటర్లు. టార్చ్ నిమిషానికి 150 తాగుతూ, కంప్రెసర్ 100 పోస్తుంటే, ఆ నిల్వ మూడు నిమిషాలకు అయిపోతుంది. చిన్న కోతలకు అది సరిపోతుంది. డ్యూటీ సైకిల్ 60 శాతం, అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కోయవచ్చని మిషన్ చెప్పినా, చిన్న కంప్రెసర్ ఉన్న చోట ముందు ఆగేది గాలే. అందుకే డ్యూటీ సైకిల్ అంకెల కోసం ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను. ఆ డబ్బు కంప్రెసర్ మీద పెట్టండి.

ఒత్తిడిని గాలి పారుతుండగా సెట్ చేయాలి. ఆగి ఉన్నప్పుడు 5 బార్ చూపించిన గేజ్, సన్నటి గొట్టం మీద గాలి వదలగానే 3.5కి పడిపోవచ్చు. లోపలి వ్యాసం 8 మి.మీ.కు తగ్గని గొట్టం వాడండి. తేమ కూడా శత్రువే. గాలిలో నీళ్ళు వస్తే ఆర్క్ దగ్గుతున్నట్టు చప్పుడు చేస్తుంది, హాఫ్నియం త్వరగా కరిగిపోతుంది. ట్యాంకు నుంచి కొన్ని మీటర్ల లోహపు పైపు గుండా గాలిని చల్లారనిచ్చి, తర్వాత వాటర్ సెపరేటర్, దాని తర్వాత సిలికా జెల్ డ్రయర్, చివర రెగ్యులేటర్ పెట్టడం సరైన వరుస. వేడి గాలి నేరుగా సెపరేటర్‌లోకి పోతే నీరు ఆవిరిగానే దాటిపోతుంది. మిషన్ వెనక బిగించి ఇచ్చే బుల్లి ఫిల్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. కంప్రెసర్ లోపలే ఉన్న మిషన్లు: మోసుకెళ్ళి పని చేసేవాళ్ళకు సరే, 30 ఆంప్‌ల దరిదాపుల్లో సన్న రేకుకు సరే. ఒకటి చెడితే రెండూ మూలపడతాయి. పేరున్న కంపెనీవి: ఆర్క్, విడిభాగాల ఆయుష్షు, టార్చ్ భద్రత అన్నీ మెరుగే, బడ్జెట్ ఉంటే రెండో ఆలోచన వద్దు. గ్యాస్ కటింగ్ 20 మి.మీ. పైన మేలు, స్టెయిన్‌లెస్, అల్యూమినియం దానితో కావు. గ్రైండర్ తిన్నని కోతలకు ఎలాగూ ఉంటుంది.

మిషన్ వచ్చిన రోజు 3 మి.మీ. తుక్కు పలక మీద మొదలుపెట్టండి. ఎర్త్ క్లాంప్ టేబుల్‌కు కాకుండా పలకకే, అదీ కిందపడే ముక్కకు కాకుండా నిలిచే ముక్కకు, గీకిన చోట బిగించండి. కళ్ళకు 40 ఆంప్‌ల దగ్గర షేడ్ (నల్లదనం అంకె) 6కు తగ్గని అద్దం ఉండాలి. జింకు పూత ఉన్న రేకు అయితే పొగ బయటికి పోయే ఏర్పాటు, మాస్కు తప్పనిసరి. వేగం సరిగ్గా ఉంటే పలక కింద నిప్పురవ్వలు నిలువు నుంచి 15-20 డిగ్రీలు వెనక్కి వాలి పడతాయి. నిట్టనిలువుగా పడుతూ కింద బొబ్బల్లాంటి స్లాగ్ (కరిగి గడ్డకట్టిన లోహం) కడితే నెమ్మదిగా లాగుతున్నట్టు, అది సుత్తితో తడితే రాలిపోతుంది. సన్నగా, గట్టిగా అంచుకు అతుక్కుని గ్రైండర్‌కు తప్ప లొంగకపోతే వేగం ఎక్కువైనట్టు. రవ్వలు పైకి చిమ్మితే కోత కిందిదాకా దిగలేదు. ఆపాక గాలి ఇంకా కాసేపు వస్తూనే ఉంటుంది, అది తనంతట తాను ఆగేదాకా స్విచ్ కట్టేయకండి.

మిషన్‌తో పాటే పది నాజిళ్ళు, పది ఎలక్ట్రోడ్లు, ఒక స్విర్ల్ రింగ్ (టార్చ్‌లో గాలిని సుడి తిప్పే రింగు), టార్చ్‌ను రేకుకు 2-3 మి.మీ. ఎత్తులో ఉంచే స్టాండాఫ్ గైడ్ ఒకటి తెప్పించుకోండి. టార్చ్ మోడల్ పేరు పిడి మీద చూసి మరీ ఆర్డర్ పెట్టండి. ఐపీటీ-40, ఐపీటీ-60 భాగాలు ఒకలాగే కనిపించినా ఒకదానివి ఒకదానికి పడతాయని అనుకోవద్దు.