రోజుకో వాగ్దానం పంపే యాప్: డెబ్బై రోజులు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడూ దాదాపుగా "అధ్యాయం మొత్తం చదవండి" అనే బటన్‌కే. అది కూడా స్క్రీన్ అడుగున లేత బూడిద రంగులో ఎక్కడో నక్కి ఉంటుంది, నాకు కనబడటానికే మూడు వారాలు పట్టింది. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి ఇంతకుముందు మరో రెండు వాడాను, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పొద్దున్నే ఒక నోటిఫికేషన్, సూర్యోదయం ఫోటో మీద ఒక బైబిల్ వాక్యం, కింద షేర్ బటన్, పక్కన "వరుసగా ఇన్ని రోజులు చదివారు" అని ఒక లెక్క.

నేను దీన్ని వేసుకున్న రోజులు మంచివి కావు. ఏళ్ల తరబడి నాతో కలిసి పనిచేసిన మనిషి, సొంతవాళ్లకంటే ఎక్కువ నమ్మిన మనిషి, నా వాటా తనది చేసుకుని పక్కకు తప్పుకున్నాడు, పైగా తప్పంతా నాదేనని నలుగురికీ చెప్పుకున్నాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. దేవుడు నమ్మదగినవాడు, న్యాయవంతుడు అని చిన్నప్పటినుంచీ పాడుతూ వచ్చిన నోటికి ఆ రెండు మాటలు కలిపి పలకడమే కష్టమైపోయింది. అందుకే యాప్‌లో "దేవుని నమ్మకత్వం" అనే నలభై రోజుల ప్లాన్ కనిపించగానే మొదలుపెట్టాను.

మంచివి త్వరగా చెప్పేస్తా. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఆడియో చదివే గొంతు బాగుంది, నాటకం లేదు, తొందర లేదు. అక్షరాల సైజు పెంచుకోవచ్చు. బ్యాటరీ తినదు.

ఇక అసలు సంగతి. నాలుగో రోజు వచ్చిన వాక్యం విలాపవాక్యములు 3:23, "నీవు ఎంతైన నమ్మదగినవాడవు". ఫోటోలో పచ్చిక, మంచు. చాలా హాయిగా ఉంది, నేనూ ఇద్దరికి షేర్ చేశాను. ఆ బూడిద రంగు బటన్ దొరికాక ఒక రాత్రి ఆ అధ్యాయం మొదటినుంచీ విన్నాను, విని లేచి కూర్చున్నాను. ఆ మాట రాసిన మనిషి పచ్చిక మీద కూర్చుని రాయలేదు. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని కాల్చేశాక, ఆ బూడిద మధ్య పుట్టిన ఏడుపు అది. పదో వచనంలో దేవుడు తనకోసం పొంచి ఉన్న ఎలుగుబంటిలా ఉన్నాడంటాడు, పదహారులో తన పళ్లు రాళ్లతో నలగ్గొట్టాడంటాడు! అంత తిట్టుకున్నాక, అంత నలిగాక, అదే నోటితో నీవు నమ్మదగినవాడవు అంటాడు. ఆ అధ్యాయంలో 66 వచనాలుంటే యాప్ నాకు ఇచ్చింది ఒకటి, అదీ ముందూ వెనకా కత్తిరించి.

అక్కడితో ఆగినా సరిపెట్టుకునేవాణ్ణి. అదే అధ్యాయం చివర్లో, 59వ వచనం దగ్గర, ఆ మనిషి దేవుణ్ణి పట్టుకుని నాకు జరిగిన అన్యాయం నువ్వు చూశావు, నా వ్యాజ్యెం తీర్చు అని అడుగుతాడు. అంటే నమ్మకత్వం, న్యాయం రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి. ఆయన నమ్మదగినవాడు కాబట్టే నా కేసు ఆయన ముందు పెడుతున్నాను అనే లెక్క. నలభై రోజుల ప్లాన్‌లో ఈ 59వ వచనం ఎక్కడా లేదు. నేను మొత్తం వెతికాను, లేదు.

వెతకడం అన్నాను కదా, అదో పెద్ద గోల. సెర్చ్‌లో "మొర" అని కొడితే పాత తెలుగు బైబిల్లో ఉండే "మొఱ్ఱ" రాదు. బండి ఱ నా ఫోన్ కీబోర్డులో ఎక్కడుందో నాకే తెలియదు. దేవునికి మొరపెట్టినవాళ్లందరూ ఈ యాప్‌లో దాదాపు కనబడకుండా పోయారు, స్పెల్లింగ్ వల్ల. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కీర్తన 89 విషయంలోనూ ఇదే కత్తిరింపు. నీతిన్యాయములు నీ సింహాసనానికి ఆధారం అన్న 14వ వచనం మంచి బంగారు రంగు ఫోటోతో వచ్చింది. అదే కీర్తన 38వ వచనం దగ్గర ఒక్కసారిగా తిరగబడుతుంది, ఇంత చెప్పి మమ్మల్ని ఎందుకు వదిలేశావు, దావీదుతో నీ నమ్మకత్వం తోడని ప్రమాణం చేసి చూపిన ఆ పాత కృపలు ఏవి అని దేవుణ్ణే నిలదీస్తుంది. ఆ భాగం గురించి యాప్ ఇచ్చే వివరణ నోట్స్‌లో ఒక్క ముక్క లేదు. యిర్మీయా 29:11 అయితే డెబ్బై రోజుల్లో నాలుగుసార్లు వచ్చింది, మీ గురించి నాకున్నవి సమాధానకరమైన ఉద్దేశాలని దేవుడు చెప్పే మాట. దాని పైనున్న పదో వచనంలో బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాకే అని ఉంది. బబులోనుకు చెరగా వెళ్లి అది విన్న మొదటి తరంలో చాలామంది తిరిగి ఇంటికి చేరుకుని ఉండరు. ఈ సంగతి తెలిస్తే ఆ వాగ్దానం చిన్నదైపోదు, నా దృష్టిలో ఇంకా బరువెక్కుతుంది. కానీ ఫోటో మీద పట్టదు, నిజమే.

నోట్స్ రాసినవాళ్లు లూకా 18లోని విధవరాలి కథని "పట్టు వదలకుండా ప్రార్థిస్తే కోరింది దొరుకుతుంది" అని తేల్చేశారు. ఆమె అడిగింది ఏదో కోరిక కాదు కదా, "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చు" అని. దేవునికి భయపడని, మనుషుల్ని లక్ష్యపెట్టని న్యాయాధిపతే విసిగి తీర్పు తీర్చినప్పుడు దేవుడు తీర్చడా అన్నది యేసు చెప్పిన మాట. దేవుడు ఆ న్యాయాధిపతిలాంటివాడని కాదు, అలాంటివాడు కాడని. ఎనిమిదో వచనం చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, మనుష్యకుమారుడు, అంటే యేసే, వచ్చినప్పుడు భూమి మీద విశ్వాసం కనుగొంటాడా అని. ఆ ప్రశ్న నాకు రాత్రంతా గుచ్చుకుంది, నోట్స్‌లో మాత్రం లేదు.

అలాగని అన్ని నోట్స్ చప్పగా లేవు. పదకొండో రోజుది మాత్రం నేను దాచుకున్నాను. హెబ్రీలో నమ్మకత్వానికి వాడే మాట "ఎమూనా". మనం రోజూ అనే ఆమేన్ కూడా ఆ ధాతువు నుంచే. అమాలేకీయులతో యుద్ధం జరుగుతున్నప్పుడు అహరోను, హూరు చెరోపక్కా పట్టుకోగా మోషే చేతులు పొద్దుగూకేదాకా నిలకడగా ఉన్నాయని నిర్గమకాండము 17:12లో ఉంది కదా, అక్కడి నిలకడ కూడా ఎమూనానే. అంటే దేవుని నమ్మకత్వం అనేది ఒక తీయటి భావం కాదు, వణకకుండా నిలబడి ఉన్న చెయ్యి. ఇలాంటివి ఇంకో పది రాసుంటే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

ఇంకొకటి చెప్పాలి, ఇది యాప్ గొప్పతనమో యాదృచ్ఛికమో నాకు తెలియదు. ఒక రాత్రి నన్ను మోసం చేసిన ఆ మనిషికి పంపడానికి పెద్ద మెసేజ్ టైప్ చేసుకుని కూర్చున్నా, చాలా ఘాటుగా, అతని పరువు తీసేలా. అప్పటికి చదవని ఆ రోజు వాక్యం గుర్తుచేస్తూ నోటిఫికేషన్ వచ్చింది, 1 యోహాను 1:9. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని. వందసార్లు కంఠతా చెప్పిన వాక్యమే. ఆ రాత్రి మాత్రం నీతిమంతుడు అన్న మాట దగ్గర ఇరుక్కుపోయాను. క్షమించడానికి దయ చాలు కదా, నీతి ఎందుకు వచ్చింది మధ్యలో? రోమా 3:26 తెరిచాను. సిలువలో దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు, దానికి లెక్క తీర్చాడు, అందుకే తాను నీతిమంతుడిగా ఉంటూనే విశ్వసించినవాణ్ణి నీతిమంతుడిగా తీర్చగలుగుతున్నాడు. అంటే నేను అతని మీదికి రమ్మని పిలుస్తున్న న్యాయం ముందు నా లెక్క కూడా ఉంది, అది తీరింది కాబట్టి నేను బతికున్నాను. మెసేజ్ పంపలేదు. చెరపనూ లేదు, డ్రాఫ్ట్‌లో ఇంకా ఉంది, అంత పవిత్రుణ్ణేమీ అయిపోలేదు. నా వాటా అడగడం మానలేదు, అడుగుతూనే ఉన్నాను, తీరలేదు కూడా. పగతీర్చుట నా పని అన్న దేవుడికి పగ ఒప్పజెప్పడం వేరు, న్యాయం అడగడం మానేయడం వేరు. ఈ తేడా గురించి ప్లాన్‌లో ఒక రోజైనా కేటాయించి ఉండాల్సింది.

ప్రకటనల గురించి ఒక మాట. కీర్తన 88 వింటున్నాను. చీకటే నా బంధువర్గం అన్న మాటతో ముగిసిపోయే కీర్తన అది, చివర్లో ఓదార్పు ఉండదు. ఆ ఆఖరి మాట అయ్యీ అవగానే చెప్పుల డిస్కౌంట్ ప్రకటన, గట్టి మ్యూజిక్‌తో. డబ్బు కడితే ప్రకటనలు పోతాయట. కట్టలేదు.

వరుస రోజుల లెక్క కూడా తీసేస్తే బాగుంటుంది. ఏడ్చి నిద్రపోయిన రోజు వాక్యం చదవలేదని మర్నాడు "మీ వరుస తెగిపోయింది" అని విరిగిన గొలుసు బొమ్మ చూపించింది. అసలు ఎవరి నమ్మకత్వం గురించి ఈ ప్లాన్?

ఎవరికి పనికొస్తుందంటే, అంతా బాగానే ఉండి పొద్దున ఒక మంచి మాట చాలు అనుకునేవాళ్లకి హాయిగా ఉంటుంది. దెబ్బతిని ఉన్నవాళ్లు మాత్రం ఫోటో చూసి ఆగిపోవద్దు, ఆ బూడిద రంగు బటన్ నొక్కండి, ఆడియో పెట్టుకుని అధ్యాయం మొత్తం వినండి. కీర్తన 73, హబక్కూకు మూడు అధ్యాయాలతో మొదలుపెట్టండి, ఈ రెండూ ప్లాన్‌లో లేవు.

ఇవన్నీ వాళ్ల ఫీడ్‌బ్యాక్ పెట్టెలో రాశాను, విలాపవాక్యములు 3:59 కలపమని కూడా. మీ సూచనకు ధన్యవాదాలు అని వెంటనే జవాబొచ్చింది. మర్నాడు పొద్దున యిర్మీయా 29:11 వచ్చింది, ఐదోసారి.