మూస్ కొమ్ము కోసం మెయిన్ అడవుల్లో

ఏప్రిల్ చివరలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి విహారానికి వెళ్లేవారు అరుదు. మంచు కరిగి అడవి దారులన్నీ బురద, సగం లాడ్జీలకు తాళాలు. కానీ మూస్ రాల్చిన కొమ్ములు వెతకడానికి అదే అదను. దుప్పుల కుటుంబంలో అతి పెద్దదైన ఈ జంతువు మగవాటి కొమ్ములు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఊడిపోతాయి, లేత వయసు వాటివి ఇంకాస్త ఆలస్యంగా. మంచు ఉన్నంతకాలం అవి కనబడవు, ఆకులు కమ్ముకున్నాకా కనబడవు. పైగా మే నెలలో కుట్టే నల్ల ఈగలు లేచాయంటే అడవిలో నిలబడలేం.

బాంగోర్ నుంచి గ్రీన్‌విల్ ఊరికి కారులో గంటన్నర. రాష్ట్రంలోకెల్లా పెద్దదైన మూస్‌హెడ్ సరస్సు కనబడుతుందని ఆశపడి ఒడ్డునున్న కాటేజీలో రెండు రాత్రులకు డబ్బు కట్టాను, ఒక్క రాత్రే ఉన్నాను. వేడినీళ్లు రాలేదు. సరస్సా, ఇంకా గడ్డకట్టే ఉంది! మర్నాటి సాయంత్రం ఊళ్లోని పాత మోటెల్‌కు మారాను. కిటికీలోంచి చూస్తే కార్లు తప్ప మరేమీ లేవు గానీ, తడి బూట్లు ఆరబెట్టుకోవడానికి మంచి హీటరు, తెల్లవారుజామునే కాఫీ దొరికాయి. ఈ పనికి వచ్చినవారికి అంతకన్నా ఏం కావాలి?

మొదటి రెండు రోజులు సొంత తెలివితో పెద్ద చెట్ల అడవిలో తిరిగాను. దొరికినవి పెంటికలే. మూడో రోజు గైడును పెట్టుకున్నాను. మెయిన్‌లో డబ్బు తీసుకుని అడవి చూపించాలంటే రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఆయన అడిగిన సొమ్ము నా గది అద్దెకు రెట్టింపు పైమాటే, అయినా ఈ యాత్రలో నేను బాధపడకుండా ఖర్చు చేసింది అదొక్కటే.

కొకాజో అనే చిన్న ఊరు దాటాక, కలప కోసం ఎప్పుడో నరికేసిన చోట గుబురుగా లేచిన మొక్కల్లోకి తీసుకెళ్లారు. "నేల తర్వాత, ముందు రెమ్మల కొసలు చూడండి" అన్నారు. చలికాలమంతా మూస్ తినేది ఆ రెమ్మలనే. కొసలు చితికినట్టు తెగి ఉన్న చోట మేసింది, మేసిన చోటే పడుకుంది, అక్కడే కొమ్ము రాల్చి ఉండవచ్చు. మూడు గంటలకు, బురదలో బోర్లించిన చేటలా ఒకటి కనబడింది. గోధుమరంగు ఇంకా పోలేదు, అంటే ఈ ఏటిదే. ఎత్తితే భుజం లాగేసింది. దాని జత కోసం చీకటి పడేదాకా వెతికాం, లేదు. రెండూ ఒకేచోట రాలాలనేమీ లేదట. మరో పాతది ఎండకు తెల్లబడి, అంచులు ముళ్లపందులు, ఎలుకలు కొరికేసి ఉంది. ఖనిజాల కోసం కొరుకుతాయి. దాన్ని వాటికే వదిలేశాను.

బాక్స్‌టర్ స్టేట్ పార్కు వైపు వెళ్లాలనుకునేవారికి ఒక మాట: అక్కడ కొమ్ము కనబడినా ఫొటో తీసుకుని వదిలేయాలి. జాతీయ పార్కుల్లోనూ అంతే. కలప దారుల్లో లారీలదే ముందు హక్కు, పక్కకు తప్పుకోవాలి. ఫోను పనిచేస్తుందని నమ్ముకోవద్దు, కాగితం పటం ఉంచుకోండి.

అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు లోపలి బురదకు విడిగా రుసుము వేశారు. వెనుక సీటు మీద పాత దుప్పటి పరుచుకుని వెళ్లండి.